దొరక్కపోయినా ఫీజు ఫీజే!

‘‘ఏమండీ, ఏమీ దొరకలేదుగా! మరి డబ్బులెందుకండీ?’’

విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల వ్యాపారి ఒకాయన నన్నడిగిన మాట ఇది. మానేసి వెళ్లిన సేల్స్ కుర్రాడు కస్టమర్ల జాబితాను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుపోయాడని ఆయన అనుమానం. లాప్‌టాప్ తెచ్చిచ్చారు. మూడు రోజులు కూర్చున్నాను. విండోస్ రిజిస్ట్రీలో యూఎస్‌బీ పరికరాల జాడలు, షార్ట్‌కట్ ఫైళ్లు, బ్రౌజర్ చరిత్ర... అన్నీ వెతికాను. కుర్రాడి చివరి నెలలో ఆ లాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ పెట్టిన ఆనవాలే లేదు. అదే రాసిచ్చాను. ‘‘మా వీధిలో డేటా రికవరీ షాపతను దొరికితేనే తీసుకుంటానన్నాడండీ’’ అంటూ ఆయన బిల్లు పక్కన పెట్టేశారు. ఆయన్ని తప్పుపట్టలేను. ముందే చెప్పనిదీ, కాగితం మీద రాయించుకోనిదీ నేనే. ఆ డబ్బు రాలేదు.

డిజిటల్ ఫోరెన్సిక్స్ నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఆటోప్సీ, ఎఫ్‌టీకే ఇమేజర్ లాంటి టూల్స్ మీద మంచి పట్టే సాధిస్తున్నారు. ‘మీరెంత తీసుకుంటారు?’ అన్న దగ్గరే నీళ్లు నములుతారు. పోలీసు కేసుల్లో పరికరాలు ఎక్కువగా ప్రభుత్వ ల్యాబ్‌లకే వెళ్తాయి. ప్రైవేటుగా మన దగ్గరికొచ్చేవి కంపెనీల అంతర్గత విచారణలు, భాగస్వాముల తగాదాలు, సివిల్ దావాలు. ఇక్కడ ధర చెప్పాల్సింది మీరే.

రికవరీ షాపతను అమ్మేది పోయిన ఫైలును. అది రాకపోతే డబ్బు తీసుకోకపోవడం న్యాయమే. మనం చెప్పేది డిస్కులో ఏముందో, ఏం లేదో. ‘పెన్‌డ్రైవ్ పెట్టలేదు’ అన్నదీ ఒక జవాబే. దానివల్లే ఆ కుర్రాడి మీద కేసు పడలేదు. పైగా దొరకడం, దొరకకపోవడం మన చేతిలో ఉండదు. ఎస్‌ఎస్‌డీల్లో ట్రిమ్ పనిచేస్తుంటే చెరిపేసిన ఫైళ్లు చాలాసార్లు తిరిగిరావు, ఎంత అనుభవమున్నా సరే.

‘దొరికితే డబుల్ ఇస్తా’ అనే క్లయింట్లూ ఉంటారు. వద్దనండి. రేపు కోర్టులో అవతలి లాయరు మొట్టమొదట అడిగేది అదే: ‘దొరికితే ఎంత ఇస్తామన్నారు?’ ఆ ఒక్క ప్రశ్నతో మీ మూడు రోజుల పని గాలికి పోతుంది.

మరి రేటు ఎలా కట్టాలి? పక్కవాడి రేటు చూసి వెయ్యి తగ్గించడం అందరూ చేసేదే. అంతకంటే మీ లెక్క మీరు వేసుకోండి. ఏడాదికి మీకు కావాల్సింది రూ.9.6 లక్షలు, టూల్ లైసెన్సులు, రైట్ బ్లాకర్, హార్డ్ డిస్కులు, అద్దె కలిపి ఖర్చు రూ.4.8 లక్షలు అనుకుందాం. మొత్తం రూ.14.4 లక్షలు. నాలుగు వారాల సెలవులు తీసేస్తే 48 వారాలు, వారానికి 40 గంటల చొప్పున 1,920 గంటలు. అందులో సగం ఫోన్లకూ, కొటేషన్లకూ, కొత్తవి నేర్చుకోవడానికీ పోతుంది. మిగిలిన 960 గంటలతో భాగిస్తే గంటకు రూ.1,500. ఇది ఉదాహరణే. మీ అంకెలు వేరుగా ఉంటాయి. కానీ ఆ సగం గంటల్ని మర్చిపోయినవాళ్లే ఏడాది తిరిగేసరికి ఉద్యోగం వెతుక్కుంటారు.

అలాగని ప్రతి గంటకూ అదే రేటు వేస్తే క్లయింటు నొచ్చుకుంటాడు. సెకనుకు 100 ఎంబీ చొప్పున కాపీ అయినా 1 టీబీ డిస్కు ఇమేజింగ్‌కు దాదాపు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది. హాష్ సరిచూడటానికి ఇంకొంతసేపు. ఆ సమయంలో పనిచేసేది మెషీన్, మీరు టీ తాగుతుంటారు. అందుకే ఇమేజింగ్‌కు పరికరానికింత అని ఒకే ధర పెట్టాలి. విశ్లేషణకు మాత్రం గంటల లెక్క, దానికో పరిమితి. ‘15 గంటలు దాటేలా ఉంటే ముందు మీకు ఫోన్ చేస్తా, మీరు సరే అంటేనే ముందుకెళ్తా’ అని రాసిస్తే క్లయింటుకు ధైర్యం. రిపోర్టుకు విడిగా. కొన్న డిస్కులకు అసలు ఖర్చు.

సర్టిఫికెట్ పనిని చాలామంది ఉచితంగా చేసేస్తున్నారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్‌లో రెండు భాగాలున్నాయి. పార్ట్-ఎ దాఖలు చేసే పక్షానిది, పార్ట్-బి నిపుణుడిది. హాష్ విలువ రాయాలి. కింద సంతకం మీది, అడిగితే జవాబు చెప్పాల్సిందీ మీరే. దానికో ధర ఉండాల్సిందే.

కోర్టు రోజులదీ అంతే. పొద్దున్నే బస్సెక్కి వెళ్తే జడ్జిగారు సెలవంటారు, వాయిదా పడుతుంది. మీ రోజు పోయింది. కాబట్టి సాక్ష్యం చెప్పినా చెప్పకపోయినా కనీసం సగం రోజు ఫీజు, ప్రయాణ ఖర్చులు అని మొదటి ఉత్తరంలోనే ఉండాలి. ఆ ఉత్తరంలోనే మరోటి తేల్చుకోండి: డబ్బిచ్చేది ఎవరు? లాయరుగారు పని అప్పజెబుతారు, క్లయింటు ఇచ్చాక ఇస్తానంటారు. సంతకం ఎవరిదో, చెల్లింపు ఎవరిదో రాయకపోతే ఇద్దరి మధ్యా మీరే తిరగాలి.

అడ్వాన్సు చేతికి రాకుండా పరికరం సీలు విప్పొద్దు. బాకీ తీరాకే తుది రిపోర్టు ఇస్తామని ముందే రాసుకోవచ్చు. కానీ బాకీ ఉందని అసలు లాప్‌టాప్‌ను మాత్రం మీ దగ్గర ఉంచేసుకోకండి. అది తగాదాలో ఉన్న సాక్ష్యం.

బిల్లులో ‘లాప్‌టాప్ తనిఖీ, రూ.40,000’ అని ఒక్క ముక్క రాస్తే బేరం మొదలవుతుంది. ‘12వ తేదీ, యూఎస్‌బీ కనెక్షన్ల చరిత్ర పరిశీలన, 2.5 గంటలు’ అని రాయండి. ఏం దొరికిందో మాత్రం బిల్లులో వద్దు, అది అకౌంట్స్ సెక్షన్‌లో నలుగురి చేతులు మారుతుంది. ఏడాది టర్నోవర్ రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఈ సేవలపై 18 శాతం. కొటేషన్‌లోనే ‘జీఎస్టీ అదనం’ అనకపోతే అది మీ జేబులోంచే పోతుంది. కంపెనీలు ప్రొఫెషనల్ ఫీజులో 10 శాతం టీడీఎస్ పట్టుకుని ఇస్తే కంగారు పడకండి, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది.

‘మా ఆయన ఫోన్ ఆయనకు తెలీకుండా చూసిపెట్టండి’ అని అడిగేవాళ్లూ వస్తారు. దానికి ఏ రేటూ లేదు. అనుమతి లేకుండా ఇతరుల పరికరంలోకి వెళ్తే ఐటీ చట్టం కింద ఇరుక్కునేది మీరే.

అన్నట్టు, ఆటోనగర్ వ్యాపారి ఈమధ్య మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి గోడౌన్ కంప్యూటరట. రెండు పేజీల ఉత్తరం పంపాను. ‘‘దొరక్కపోయినా ఇవ్వాలని రాశారేంటండీ’’ అని ఓ పావుగంట మాట్లాడారు. సాయంత్రానికి సంతకం చేసిన కాపీ, దాంతోపాటు అడ్వాన్సు వచ్చాయి. మర్నాడు పొద్దున బయల్దేరాను.