కర్లీ కోట్స్ పాడైతే ఏం చేయాలి? (ఎపిసోడ్ పాఠం)

సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు చిన్న విషయం. వంపు తిరిగిన కొటేషన్ మార్కులు, అంటే కర్లీ కోట్స్, టెక్స్ట్ ఎడిటర్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తే ఏం చేయాలో చూద్దాం.

ముందు నాకు జరిగింది చెప్తా. మా నాయనమ్మ చెప్పిన కథలు వర్డ్‌లో టైప్ చేసి, ఫైల్ చిన్నగా ఉంటదని పాత నోట్‌ప్యాడ్‌లోకి తెచ్చి సేవ్ చేసిన. ఏదో హెచ్చరిక వచ్చింది. చదవకుండా ఓకే కొట్టిన. వర్డ్ ఫైల్ కూడా తీసేసిన. మళ్లీ తెరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలే! కర్లీ కోట్స్ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పటికి నాయనమ్మ లేదు.

ఎందుకట్ల అయింది? కంప్యూటర్ అక్షరాలను నంబర్లుగా దాచుకుంటుంది. పాత నోట్‌ప్యాడ్ మామూలుగా ఆన్సీ పద్ధతిలో సేవ్ చేసేది. మన దగ్గర ఆన్సీ అంటే సాధారణంగా విండోస్-1252. అందులో అక్షరానికి ఒక్క బైటే. తెరిచే కోట్‌కు 147, మూసే కోట్‌కు 148 ఉన్నాయి. తెలుగుకు చోటే లేదు. అందుకే కోట్స్ బతికాయి, కథలు పోయాయి.

యూటీఎఫ్-8లో అట్ల కాదు. తెలుగు అక్షరానికి మూడు బైట్లు, కర్లీ కోట్‌కూ మూడు. తెరిచే కోట్ 226, 128, 156. ఈ ఫైల్‌ను ఎడిటర్ 1252 అనుకుని చదివితే ఒక్క కోట్ బదులు మూడు గుర్తులు వస్తాయి: టోపీ పెట్టిన ‘ఏ’, యూరో గుర్తు, ‘ఓ’, ‘ఈ’ అతికిన అక్షరం. తిరగేసి, 1252 ఫైల్‌ను యూటీఎఫ్-8గా చదివితే నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం కనిపిస్తుంది.

ఇక పరిష్కారం. మొదటి మాట: పిచ్చి గుర్తులు కనిపిస్తే సేవ్ కొట్టకండి. చాలాసార్లు ఫైల్ బాగానే ఉంటుంది, చదివే పద్ధతే తప్పు.

వీఎస్ కోడ్‌లో కింది పట్టీ మీద ఎన్‌కోడింగ్ పేరు నొక్కి, ‘రీఓపెన్ విత్ ఎన్‌కోడింగ్’ ఎంచుకోండి. యూటీఎఫ్-8, విండోస్-1252 మార్చి చూడండి. సరిగ్గా కనిపించాకే ‘సేవ్ విత్ ఎన్‌కోడింగ్’తో యూటీఎఫ్-8గా దాచండి.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఎన్‌కోడింగ్ మెనూ ఉంది. అందులో వట్టి ‘యూటీఎఫ్-8’ నొక్కితే చదివే తీరు మారుతుంది. ‘కన్వర్ట్ టు యూటీఎఫ్-8’ నొక్కితే బైట్లే మారుతాయి. ముందు చదివించండి, తర్వాతే మార్చండి.

విండోస్ నోట్‌ప్యాడ్ 2019లో వచ్చిన విండోస్ 10 1903 వెర్షన్ నుంచి కొత్త ఫైళ్లను యూటీఎఫ్-8లోనే దాస్తోంది. అంతకన్నా పాతదైతే ‘సేవ్ యాజ్’లో ఎన్‌కోడింగ్ మీరే ఎంచుకోవాలి.

కోట్ బదులు ఖాళీ డబ్బా కనిపిస్తే, ఫాంట్ మార్చి చూడండి. ఆ ఫాంట్‌లో ఆ గుర్తు ఉండకపోవచ్చు. ఇంకోటి, ప్రోగ్రామ్ రాసేటప్పుడు కోడ్‌లో నిటారు కోట్సే వాడాలి. వర్డ్ నుంచి కాపీ చేసిన కర్లీ కోట్స్‌తో పైథాన్ ఎర్రర్ ఇస్తుంది.

నా ఫైల్ అంటారా? ప్రశ్నార్థకంగా సేవ్ అయినదాన్ని ఏ ఎడిటరూ వెనక్కి తేలేదు. మా మేనత్తకు గుర్తున్న కథలు మళ్లీ రాసుకుంటున్నా. ఈసారి రెండు చోట్ల దాస్తున్నా, హెచ్చరిక వస్తే చదువుతున్నా. మీరూ చదవండి. ఉంటా మరి, నమస్తే.