రైళ్లు పట్టాలు ఎందుకు తప్పుతాయి? తప్పంతా డ్రైవర్‌దేనా?

రైలు పట్టాలు తప్పిందన్న వార్త రాగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే.. డ్రైవర్ నిద్రపోయాడా? కొన్నిసార్లు అదీ నిజం కావచ్చు. కానీ చాలా ప్రమాదాల్లో అసలు లోపం పట్టాల్లోనో, చక్రాల్లోనో, సిగ్నల్ వైర్లలోనో ఉంటుంది.

రైలు చక్రానికి లోపలి వైపు ఒక అంచు ఉంటుంది. దాన్ని ఫ్లాంజ్ అంటారు. చక్రం పక్కకు జారకుండా ఆపేది అదే. మన బ్రాడ్ గేజ్ లైన్లలో రెండు పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. ఈ కొలత పరిమితి దాటి మారినా, ఫ్లాంజ్ బాగా అరిగినా, పట్టా విరిగినా చక్రం అదుపు తప్పుతుంది. ఒక్క చక్రం దిగితే చాలు, వెనక ఉన్న బోగీలన్నీ దాన్ని నెట్టుకుంటూ వస్తాయి.

ఎండ, చలి, వాన.. మూడూ ముప్పే

పట్టాలను ఇప్పుడు కిలోమీటర్ల పొడవున అతికించి వేస్తున్నారు. అందుకే పాతకాలం నాటి టకటక శబ్దం తగ్గింది. కానీ ఎండాకాలంలో ఇనుము సాగి పట్టా వంకర తిరిగే ప్రమాదం ఉంది. చలికాలంలో బిగుసుకుని అతుకుల దగ్గర విరగొచ్చు. అందుకే కీమన్ రోజూ కాలినడకన పట్టాలు చూసుకుంటూ వెళ్తాడు. చలి రాత్రుల్లో గస్తీ కూడా ఉంటుంది.

వానల సంగతి తెలంగాణకు బాగా తెలుసు. 2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర వరద నీటికి పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఆ తెల్లవారుజామున వచ్చిన డెల్టా ప్యాసింజర్ బోగీలు నీళ్లలో పడ్డాయి. వంద మందికి పైగా చనిపోయారు.

కాగ్ ఏం తేల్చింది?

2022 డిసెంబర్‌లో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, రైళ్లు పట్టాలు తప్పిన ఘటనలపై జరిగిన 1,129 విచారణలను పరిశీలించింది. వాటిలో 422 ఘటనలకు ఇంజనీరింగ్ విభాగం కారణమని తేలింది. పట్టాల నిర్వహణ సరిగా లేకపోవడం ఒక్కటే 171 ఘటనలకు దారితీసింది. బోగీలు, చక్రాలు చూసే మెకానికల్ విభాగం వల్ల జరిగినవి 182. అతివేగం, సరిగా నడపకపోవడం వల్ల జరిగినవి 154. అంటే డ్రైవర్ తప్పులు ఉన్నాయి, కానీ అవి మొత్తంలో ఒక భాగమే.

మరి రిపేర్లు ఎందుకు చేయరు? చేయాలంటే లైన్‌పై రైళ్లు ఆపాలి. దీన్నే బ్లాక్ అంటారు. రద్దీ రూట్లలో ఒకదాని వెనక ఒకటి రైళ్లు వస్తుంటే బ్లాక్ దొరకడమే కష్టం. ఆపితే రైళ్లు లేట్, ప్రయాణికుల గొడవ. ఆపకపోతే ఏమవుతుందో 2017 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ఖతౌలీ చూపించింది. పట్టాలపై పని జరుగుతుండగానే ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ వేగంగా వచ్చి పడింది. 20 మందికి పైగా చనిపోయారు.

సిగ్నల్ గ్రీన్.. దారి వేరే

2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగ బజార్ స్టేషన్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్ మీద గ్రీన్ సిగ్నల్ ఉంది. పాయింట్లు మాత్రం లూప్ లైన్‌కు తిరిగి ఉన్నాయి. రైలు వెళ్లి అక్కడ ఆగి ఉన్న గూడ్స్‌ను ఢీకొట్టి పట్టాలు తప్పింది. 290 మందికి పైగా ప్రాణాలు పోయాయి. సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపాలే కారణమని రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణలో తేలింది.

కానీ విచారణ మొదలవకముందే సోషల్ మీడియాలో కొందరు తీర్పు ఇచ్చేశారు. పట్టాల పక్కన కనిపించిన కట్టడం మసీదని, ఇది కుట్ర అని ప్రచారం చేశారు. అది నిజానికి ఒక గుడి. మత విద్వేషం రెచ్చగొడితే చర్యలు తప్పవని ఒడిశా పోలీసులు హెచ్చరించాల్సి వచ్చింది.

కవచ్ వస్తే సరిపోతుందా?

వేగంగా వెళ్లే రైలు బ్రేక్ వేశాక ఆగడానికి దాదాపు కిలోమీటరు పట్టొచ్చు. పొగమంచులో, రాత్రి డ్యూటీలో లోకో పైలట్ ప్రతి సిగ్నల్‌నూ గమనించాలి. రెడ్ సిగ్నల్ దాటబోతే తానే బ్రేక్ వేసే కవచ్ ఇక్కడ పనికొస్తుంది. దీని ట్రయల్స్ మొదట జరిగింది దక్షిణ మధ్య రైల్వేలోనే. అయితే విరిగిన పట్టాను కవచ్ అతికించదు. ఎల్‌హెచ్‌బీ బోగీలు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా ప్రాణనష్టం తగ్గిస్తాయి, ప్రమాదాన్ని మాత్రం ఆపలేవు.

పట్టాల వెంట నడిచే సిబ్బంది ఖాళీలు నింపడం, పాత పట్టాలు టైముకు మార్చడం, బ్లాక్ అడిగితే ఇవ్వడం.. ఇవి జరగాలి. ప్రయాణికులు చేయగలిగింది కూడా ఉంది. పట్టాలపై ఏదైనా తేడా కనిపిస్తే 139కి ఫోన్ చేయొచ్చు. రిపేర్ కోసం రైలు అరగంట ఆగితే ఓపిక పట్టొచ్చు. ప్రమాదం జరిగినప్పుడు విచారణ తేలేదాకా వాట్సాప్‌లో వచ్చిన ప్రతి వీడియోనూ ఫార్వర్డ్ చేయకుండా ఉండొచ్చు.