స్విచ్ కొనే ముందు లెక్క రాసుకోండి

ఆఫీసులో నెట్‌వర్క్ ఉన్నట్టుండి స్తంభించిందంటే ముందు ఇంటర్నెట్ కంపెనీనే అనుమానిస్తాం. నిజానికి బల్ల కింద వేలాడే కేబుల్ కొసను ఎవరో ఖాళీ సాకెట్‌లో గుచ్చినా చాలు. రెండు కొసలూ ఒకే స్విచ్‌కు చేరి, బ్రాడ్‌కాస్ట్ సందేశాలు గానుగెద్దులా తిరుగుతూ, పెరుగుతూ అన్ని కంప్యూటర్లనూ ముంచేస్తాయి. సెట్టింగులు మార్చుకునే వీలున్న మేనేజ్డ్ స్విచ్‌లో స్పానింగ్ ట్రీ పనిచేస్తుంటే ఆ వలయాన్ని పసిగట్టి ఒక దారి మూసేస్తుంది. 1985లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన పద్ధతి ఇది. అదే స్విచ్‌లో వీల్యాన్‌లు, అంటే విడివిడి నెట్‌వర్క్‌లు పెట్టి అకౌంట్స్ కంప్యూటర్లను, సీసీ కెమెరాలను, అతిథుల వైఫైని వేరు చేయవచ్చు.

పది మంది పనిచేసే చోట మేనేజ్డ్ స్విచ్‌కు ఇంత ఖర్చెందుకని అడగవచ్చు. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరే ఉంటే ఆ మాట సబబే. కెమెరాలు, బయటివాళ్ల వైఫై చేరాక మాత్రం ఆ ఖర్చు తప్పించుకోవడం పొదుపు కాదు, ముప్పు. అయితే పెట్టె కొన్నంత మాత్రాన రక్షణ రాదు. ముందు కాగితం మీద కరెంటు లెక్క ఉండాలి. కేబుల్ ద్వారానే కరెంటిచ్చే తొలి పీఓఈ ప్రమాణంలో పోర్టుకు 15.4 వాట్ల వరకు కావాలి. 24 పోర్టులకు అది దాదాపు 370 వాట్లు. స్విచ్ మొత్తం సామర్థ్యం 190 వాట్లే అయితే పూర్తి కరెంటు అందేది పన్నెండింటికే. బిగించాక పాస్‌వర్డ్ మార్చండి, ప్రతి కేబుల్‌కూ పేరు అంటించండి, సెట్టింగుల నకలు దాచండి. రేపు స్విచ్ పాడైతే ఆఫీసును నిలబెట్టేది ఆ నకలే.