డిజిటల్ స్టోరీటెల్లింగ్

సొంత గొంతు, నాలుగు ఫొటోలు, కాస్త సంగీతం కలిపి రెండు మూడు నిమిషాల వీడియోగా కథ చెప్పడమే డిజిటల్ స్టోరీటెల్లింగ్. 1990ల్లో కాలిఫోర్నియాలో డానా ఆచ్లీ, జో లాంబర్ట్ వంటివారు దీనికి రూపమిచ్చారు. తర్వాత తరగతి గదికీ వచ్చింది. టీచర్ రెడీమేడ్ వీడియో వేసి ఊరుకుంటే అది డిజిటల్ స్టోరీటెల్లింగ్ కాదు. కథ పిల్లలే అల్లాలి. ఇబ్రహీంపట్నం పిల్లలకు కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్దచెరువే పాఠం కావచ్చు: తూము ఫొటో తీసి, చెరువు అలుగు దుంకిన ఏడాది గురించి నాయనమ్మ చెప్పే మాటలు ఫోన్లో రికార్డు చేసి, స్క్రిప్టు రాసుకుని, తమ గొంతుతో చదవాలి. పైకి చదివితేనే వాక్యం ఎక్కడ కుంటుతోందో తెలుస్తుంది. అసలు చదువు అక్కడే. ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు, ఒక్క స్మార్ట్‌ఫోన్ చాలు. ముందుగా చదివించడానికి కథలు కావాలంటే, ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగులో ఉచితంగా దొరుకుతాయి.