గ్రీకు పురాణములలో నింఫులు – ‘అప్సరస’ అను పర్యాయముయొక్క ఔచిత్యము

గ్రీకు పురాణకథలను తెనిగించునపుడు ‘నింఫ్’ అను పదమునకు ‘అప్సరస’ యని వ్రాయుట పరిపాటియైనది. ఈ పర్యాయము ఎంతవరకు యుక్తమో నిర్ణయించుటకు, ముందుగా ఆ దేవతల స్వరూపమును గ్రీకు గ్రంథముల వలననే తెలిసికొనవలయును.

గ్రీకున ‘నింఫే’ శబ్దమునకు వధువు, వివాహయోగ్యయైన కన్య అని యర్థము. లౌకిక స్త్రీకిని, దేవతకును పదమొక్కటియే. నివాసమును బట్టి ఈ దేవతలకు వేర్వేరు నామములు కలిగినవి. ఊటలలో, నదులలో వసించువారు నాయడులు. ప్రవాహార్థకమైన ధాతువు ఈ పేరునకు మూలము. పర్వతచారిణులు ఒరియడులు. సముద్రమందలి నీరియస్ పుత్రికలు నీరియడులు. వీరు 50 మంది యనియు, ఓషియనస్ పుత్రికలు 3000 మంది యనియు హెసియొడ్ ‘థియోగొనీ’ కావ్యమున చెప్పెను. వృక్షదేవతలు డ్రయడులు. ‘డ్రూస్’ అనగా సింధూర వృక్షము. సంస్కృతమందలి ‘ద్రు’, ‘దారు’ శబ్దములు దీనికి సోదరములు. ఒక్క వృక్షముతోనే జీవితము ముడివడిన దేవత హమాడ్రయడ్. ఇందలి ‘హమ’ శబ్దమునకు ‘కూడ’ అని యర్థము.

వీరి ఆయుర్విషయము మిక్కిలి గమనింపదగినది. నీరియడులలో థెటిస్ వంటివారు అమరులే. వృక్షదేవతలు మాత్రము అట్టివారు కారు. హోమర్ పేర ప్రసిద్ధమైన అఫ్రొడైటీ స్తోత్రమున, శిశువైన ఈనియస్‌ను పెంచవలసిన గిరివన దేవతలు వర్ణితులైరి. వారు మర్త్యులును కారు, అమర్త్యులును కారు. దివ్యాహారము భుజించి చిరకాలము జీవింతురు. వారితోపాటే వారి వృక్షములును భూమిపై జనించును. అంత్యకాలమున ముందుగా చెట్టు ఎండును, బెరడు వాడును, కొమ్మలు రాలును. అంతట దేవత ప్రాణమును చెట్టు ప్రాణమును ఒక్కమారే వెలుగును వీడును. హెసియొడ్ చెప్పినదిగా ప్లూటార్క్ ఉదాహరించిన లెక్క యొకటి గలదు. కాకి ఆయువు 9 మానవ తరములు. జింకది దానికి 4 రెట్లు. ద్రోణకాకమునది జింకకు 3 రెట్లు. ఫీనిక్స్ పక్షిది దానికి 9 రెట్లు. నింఫులది ఫీనిక్స్‌కు 10 రెట్లు. గుణింపగా 9720 తరములగును. అది దీర్ఘమే గాని అనంతము కాదు.

కావుననే వృక్షచ్ఛేదము ప్రాణిహింసగా భావింపబడెను. పైస్తోత్రమే, ఆ వృక్షములను మానవులు ఇనుముతో తాకరని చెప్పుచున్నది. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దివాడగు కలిమకస్ ఎరిసిఖ్థాన్ కథను వర్ణించెను. అతడు విందుశాల నిర్మింపగోరి, 20 మంది సేవకులతో డిమీటర్ దేవి వనమున ప్రవేశించెను. మధ్యాహ్నవేళల నింఫులు క్రీడించు పోప్లర్ వృక్షము తొలివేటునకే ఆర్తనాదము చేసెను. దేవి అతనికి తీరని ఆకలిని శిక్షగా విధించెను. లాటిను కవి ఓవిడ్ కథనమున చెట్టునుండి రక్తము స్రవించును. నరికినవాడు తుదకు తన దేహమునే భక్షించును.

ఈ దేవతలు కావ్యములకే పరిమితులు కారు. ఒడిస్సీ 13వ సర్గలో ఇథాకా ద్వీపమందలి నాయడుల గుహ వర్ణింపబడినది. అట్టి గుహలు నిజముగను పూజాస్థానములే. ఆటికా ప్రాంతమున వారి యను చోట గల గుహను క్రీస్తుపూర్వము 5వ శతాబ్దిలో ఆర్కెడమస్ అనువాడు తీర్చిదిద్ది, తాను ‘నింఫులచే ఆవేశింపబడినవాడ’నని శిలపై చెక్కించెను. ప్లేటో ‘ఫీడ్రస్’ సంవాదమున సోక్రటీసు తన విషయమున ఈ పదమునే వాడెను.

ఇక అప్సరశ్శబ్దము. యాస్కుడు నిరుక్తమున దీనికి జలసంచారమును బోధించు వ్యుత్పత్తి చెప్పెను. అథర్వవేదమున అప్సరసలకు అశ్వత్థ న్యగ్రోధములతో సంబంధము గలదు. ఈ దశలో సామ్యము స్పష్టము. కాని పురాణములందలి రంభా మేనకాదులు ఇంద్రసభా నర్తకులు, తపోభంగకారిణులు. ఏ చెట్టు కూలినను వారికి హాని లేదు. నేటి పాఠకునకు స్ఫురించునది ఈ రూపమే. శాకుంతల చతుర్థాంకమున ఆభరణములొసగు వనదేవతలు, ఉత్తరరామచరితమందలి వాసంతి, తమస, మురల నింఫులకు మరింత సన్నిహితులు.

కావున సామాన్యనామముగా ‘నింఫ్’ శబ్దమునే నిలిపి, సందర్భానుసారముగ జలదేవత, గిరిదేవత, వృక్షదేవత అని వ్యవహరించుట యుక్తము. ‘అప్సరస’ యని వ్రాసినచో, ఎరిసిఖ్థాన్ గొడ్డలి ఎత్తినపుడు పాఠకునకు ఒక చెట్టు మాత్రమే కనబడును. దానితో కూడ ఒక ప్రాణము పోవుచున్నదని తెలియదు.