వెన్నుపూసల సంధాన శస్త్రచికిత్స అనంతర నియమాలు: పామూరు ప్రాంత పనిమాటల వెలుగులో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
వెన్నుపూసలను కలిపే శస్త్రచికిత్స జరిగిన రోగిని ఇంటికి పంపేటప్పుడు వైద్యులు ప్రధానంగా మూడు నిషేధాలు చెబుతారు: వంగరాదు, బరువెత్తరాదు, నడుము తిప్పరాదు. ఈ నిషేధాలకు ఆధారమైన శరీరధర్మాన్ని వివరించడం, అవి పశ్చిమ ప్రకాశంలోని పామూరు ప్రాంతపు ఇంటిపని, పొలంపని మాటల్లోకి వచ్చేసరికి ఎక్కడ అర్థం జారిపోతున్నదో చూపడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఇది వైద్యుని సలహాకు ప్రత్యామ్నాయం కాదు.

కీలకపదాలు: వెన్నుపూసల సంధానం, ఫ్లోరోసిస్, పశ్చిమ ప్రకాశం, పనిమాటలు, వైద్య సూచనల భాష.

1. ఉపోద్ఘాతం

మా పెద్దమ్మది పామూరు మండలంలోని ఒక పల్లె. నడుము దగ్గర రెండు పూసలను కలిపి స్క్రూలు, కడ్డీలు బిగించిన శస్త్రచికిత్స ఆమెకు జరిగింది. ఇంటికి వచ్చిన నాలుగో వారంలో ఒకరోజు నొప్పి తిరగబెట్టింది. ఏం చేశావని అడిగితే ఆమె చెప్పిన మాట ఈ వ్యాసానికి మూలం: "నేనేం ఎత్తలా నాయనా, దించానంతే." ఆటోవాడు అరుగు మీద పెట్టి వెళ్లిన ఇరవై లీటర్ల నీళ్ల క్యానును ఆమె కిందికి దించింది. ఆసుపత్రి కాగితంలో "బరువులు ఎత్తరాదు" అని ఉన్నది. దించరాదని లేదు.

ఆమె అబద్ధం చెప్పలేదు, నియమాన్ని అతిక్రమించాననీ అనుకోలేదు. తెలుగులో ఎత్తడం వేరు, దించడం వేరు. కాగితం రాసినవారు ఆంగ్లంలోని ఒకే క్రియను మనసులో పెట్టుకొని రాశారు, చదివి వినిపించుకున్నామె తన క్రియలతో విన్నది. తెలుగు చదువుకున్నవాడిగా నాకు ఆ కాగితాన్ని మళ్లీ చదవాలనిపించింది.

2. సంధానం, అతుకు, అంటు

ఈ శస్త్రచికిత్సలో రెండు లేదా అంతకు మించిన వెన్నుపూసల మధ్య కదలికను శాశ్వతంగా ఆపి, వాటిని ఒకే ఎముకగా పెరిగేటట్లు చేస్తారు. పూస జారడం, క్షయ, ఎముక విరగడం, నరాల మీద ఒత్తిడి తీసేటప్పుడు పూసలు నిలకడ తప్పే ప్రమాదం ఉండడం ఇందుకు ప్రధాన కారణాలు. 1911లో న్యూయార్క్‌లో రస్సెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అనే ఇద్దరు వైద్యులు వేర్వేరుగా ఈ పద్ధతిని వెల్లడించారు. వారి ముందున్న ప్రధాన సమస్య వెన్ను క్షయ. ఆల్బీ కాలి ఎముక ముక్కను తీసి వెన్నులో పొదిగాడు. లోహపు ఆధారం లేని ఆ రోజుల్లో రోగి వారాల తరబడి మంచానికీ పిండికట్టుకూ పరిమితం కావలసి వచ్చేది. 1963లో ఫ్రాన్సులో రాయ్-కామీ పూస వెనుక కాడల గుండా స్క్రూలు బిగించడం మొదలుపెట్టిన తరువాత, ఆ పద్ధతి క్రమంగా వ్యాపించి, రోగి మరునాడే లేచి నడవడం సాధ్యమైంది.

మన వైద్య అనువాదాల్లో దీనికి "సంధానం", "సంలీనం", "కలపడం" అనే మాటలు కనిపిస్తాయి. ఊళ్లో మాత్రం "రాడ్లు వేశారు" అంటారు. ఈ వాడుక మాటే ఎక్కువ హాని చేస్తున్నదని నా అభిప్రాయం. రాడ్లు వేయడంతో పని అయిపోయిందని అది సూచిస్తుంది. నిజానికి శస్త్రచికిత్స గదిలో జరిగేది పనికి ఆరంభం మాత్రమే. పూసల మధ్య పెట్టిన ఎముక పొడి లేదా ముక్క చుట్టూ కొత్త ఎముక పెరిగి రెండు పూసలనూ కలపడానికి మూడు నుంచి ఆరు నెలలు, కొందరిలో ఏడాదికి పైగా పడుతుంది. అంతవరకు వెన్నును నిలబెట్టేవి స్క్రూలు, కడ్డీలు.

మన రైతుకు బాగా తెలిసిన మాట ఒకటి ఉన్నది: అంటు. మామిడి అంటు కట్టినప్పుడు రెండు కొమ్మలను ఆనించి పట్టీ చుడతారు. పట్టీ కొమ్మలను కలపదు, కదలకుండా పట్టుకుంటుంది. కలిపేది లోపలి జీవం. "అంటు పట్టింది" అనడానికి ముందు కొమ్మను ఊపితే అంటు పోతుందని ఎవరూ వివరించనక్కరలేదు. వెన్నులోనూ అంతే. ఎముక అంటు పట్టకపోతే భారమంతా లోహం మీదనే ఉండిపోతుంది. ఇనుప తీగను పదే పదే వంచితే తెగినట్లు, స్క్రూలు వదులు కావచ్చు, కడ్డీ విరగవచ్చు. "అతుకు" అనే మాటలో ఈ కాలవ్యవధి లేదు. అతుకు పెట్టిన క్షణంలోనే పూర్తవుతుంది. అందుచేత ఇంటికి ఇచ్చే కాగితంలో "సంధానం" పక్కన "అంటు" అనే మాట చేరాలని నా సూచన.

పొగాకు పండే ఈ నేలలో చెప్పవలసిన మాట మరొకటి. నికోటిన్ రక్తప్రసరణను తగ్గించి కొత్త ఎముక పెరుగుదలను అడ్డగిస్తుంది. పొగతాగేవారిలో అంటు పట్టకపోయే అవకాశం ఎక్కువ. "సిగరెట్లు మానాలి" అని రాస్తే చుట్ట కాల్చే పెద్దమనిషి అది తనకు వర్తించదనుకుంటాడు. చుట్ట, బీడీ, నమిలే పొగాకు, గుట్కా అని పేరుపేరునా రాయాలి.

3. ఈ నేల నీళ్లు, ఈ మనుషుల వెన్ను

పామూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో వెన్నునొప్పి గురించి మాట్లాడుతూ ఫ్లోరైడును విడిచిపెట్టలేము. మనుషుల ఎముకలకు సోకే ఫ్లోరోసిస్ మనదేశంలో తొలిసారి వైద్యపత్రికలకెక్కింది ఇక్కడి నుంచే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ వ్యాధిని వర్ణించారు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అయింది. పాత వైద్యగ్రంథాల్లో "నెల్లూరు" అని కనబడినప్పుడు మన పశ్చిమ ప్రకాశం పల్లెలను గుర్తుకు తెచ్చుకోవాలి. తరువాతి దశాబ్దాల్లో ఈ వ్యాధి వెన్నుపామును ఎలా నొక్కుతుందో విస్తృతంగా రాసినవారిలో హైదరాబాదు న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ముఖ్యులు. ప్రాచీన నాణేల పరిశోధకులుగా ఆయన మన చరిత్ర శాఖలవారికీ పరిచితులే.

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. ఏళ్ల తరబడి అంతకు మించిన నీళ్లు తాగితే ఎముక దళసరెక్కుతుంది, పూసలను కలిపే స్నాయువులు గట్టిపడి ఎముకగా మారతాయి, వెన్నుపాము నడిచే దారి ఇరుకవుతుంది. అటువంటివారికి ప్రధానంగా చేసేది పూస వెనుకభాగం తొలగించి ఒత్తిడి తగ్గించడం. నిలకడ తప్పుతుందనుకున్నప్పుడు సంధానమూ చేస్తారు. నడుముకు సంధానం జరిగిన ప్రతివారికీ కారణం ఫ్లోరైడేనని అనుకోరాదు. మా పెద్దమ్మకు పూస జారింది.

అయితే ఫ్లోరైడు ఆమె కథలోకి మరో దారిలో వచ్చింది. నీళ్లు కాచినా ఫ్లోరైడు పోదు. అందుకే బోరునీళ్లు వంటకూ తాగడానికీ పనికిరాని ఊళ్లలో శుద్ధజలం క్యాను ఇంటింటికీ చేరింది. లీటరు నీళ్లు కిలో బరువు. అంటే ఎముకలను కాపాడుకోవడానికి కొనుక్కున్న నీళ్లు ఇరవై కిలోల ముద్దగా గుమ్మంలోకి వస్తున్నాయి.

4. ఎత్తు, దించు, మోయు, వంచు

ఈ ఇరవై కిలోలకు వైద్యశాస్త్రంలో ఒక కొలత ఉన్నది. 1999లో జర్మనీలోని ఉల్మ్‌లో విల్కే బృందం ఒక ఆరోగ్యవంతుడైన స్వచ్ఛందుని నడుము పూసల మధ్య బిళ్లలో ఒత్తిడిమాపకాన్ని ఉంచి రోజువారీ పనుల్లో కొలిచింది. నిలబడినప్పుడు ఒత్తిడి 0.5 మెగాపాస్కల్. ఇరవై కిలోలను ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1. మోకాళ్లు వంచి ఎత్తితే 1.7. నడుము వంచి ఎత్తితే 2.3, అంటే నిలబడినప్పటికి నాలుగు రెట్లకు పైగా. ఇది ఒకే మనిషి కొలత, సంధానం జరిగిన వెన్ను కొలత కాదు. అయినా భారం ఏ దిశలో పెరుగుతుందో చూపడానికి ఇది చాలు.

శస్త్రచికిత్స తరువాత తొలి ఆరు వారాల్లో సాధారణంగా అనుమతించే బరువు నాలుగైదు కిలోలు. వైద్యుని బట్టి ఇది మారుతుంది. కాగితంలో మాత్రం "అధిక బరువులు" అని ఉంటుంది. పదేళ్ల వయసు నుంచి చంకన బిందె పెట్టుకొని నడిచిన స్త్రీకి బిందెడు నీళ్లు అధిక బరువు కాదు. ఆమె దృష్టిలో బరువంటే ధాన్యం బస్తా. "రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు, అంతకు మించి కాదు" అని చెబితే ఆ కొలత ఆమె చేతికి తెలుస్తుంది.

ఇక క్రియల సంగతి. కింది నుంచి పైకి తీస్తే ఎత్తడం. పై నుంచి కిందికి తెస్తే దించడం. ఒంటి మీద ఉంచుకొని నడిస్తే మోయడం. బావి నుంచి తాడుతో లాగితే చేదడం. క్యానును పక్కకు వాల్చి చెంబులోకి పోస్తే వంచడం. బిడ్డను చంకనేసుకుంటే ఎత్తుకోవడం, అందులో బరువు అనే భావనే ఉండదు. మనుమడిని ఎత్తుకోవడం బరువెత్తడమని ఏ నాయనమ్మా ఒప్పుకోదు! ఈ పనులన్నింటిలో నడుము వెనుక కండరాలు ముందున్న భారాన్ని ఆపుతూ పూసలను గట్టిగా అదుముతాయి. దించేటప్పుడు ఆ కండరాలు సాగుతూ పనిచేయాలి కనుక అది ఎత్తడం కంటే తేలికని అనుకోవడానికి వీలు లేదు. బరువు ఒంటికి ఎంత దూరంగా ఉంటే నడుముకు అంత భారం. అరుగు మీది క్యానును చేతులు చాచి దించడం అందుకే చెడ్డ పని.

5. వంగడం, తిరగడం, ఒత్తిగిలడం

"వంగరాదు" అన్నది మరింత చిక్కు. పల్లెలో వంగడం ఒక పని కాదు, అన్ని పనులకూ భంగిమ. కసువు ఊడ్చేటప్పుడు, కళ్లాపి చల్లేటప్పుడు, ముగ్గు వేసేటప్పుడు, అంట్లు తోమేటప్పుడు, కలుపు తీసేటప్పుడు ఎవరూ తాము వంగుతున్నామనుకోరు, ఆ పని చేస్తున్నామనుకుంటారు. కాబట్టి నిషేధాన్ని భంగిమగా కాక పనులుగా చెప్పాలి. గేదె పాలు పిండడాన్ని విడిగా చెప్పాలి. గొంతుక్కూర్చొని, ముందుకు వంగి, పక్కకు తిరిగి చేసే పని అది. పాలకుండ అందుకునే క్షణంలో మూడు నిషేధాలూ ఒక్కసారే దాటుతాము.

మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి కిందికి దిగడాన్ని వైద్యులు ఒక దశలో అనుమతిస్తారు. గొంతుక్కూర్చోవడంలో మాత్రం నడుము కింది భాగం గుండ్రంగా వంగిపోతుంది. తొలి నెలల్లో మరుగుదొడ్డికి కమోడ్ కుర్చీ వాడమనేది ఇందుకే. బాసింపట్టు వేసి నేల మీద భోజనం చేయడమూ అంతే. కుర్చీలో కూర్చోవడం గురించి భయం కొంత ఎక్కువగా ఉన్నది. 1960లలో స్వీడన్‌లో నాచెమ్సన్ కొలతల ప్రకారం కూర్చుంటే నిలబడినదానికంటే ఒత్తిడి ఎక్కువ. విల్కే కొలతలో ఆ తేడా కనబడలేదు. తొలి వారాల్లో అరగంటకొకసారి లేచి తిరగమనడంలో ఉద్దేశ్యం పట్టేసిన కండరాలను వదులు చేయడమే.

మంచం మీద పక్కకు తిరగడానికి ఒక కరపత్రంలో "దుంగవలె దొర్లవలెను" అని చదివాను. ఆంగ్లాన్ని మక్కికి మక్కి దించారు. "ఒత్తిగిలడం" అనే చక్కని మాట మనకున్నది. కానీ మామూలుగా ఒత్తిగిలేటప్పుడు ముందు భుజం, తరువాత తుంటి కదులుతాయి, మధ్యలో నడుము మెలిపడుతుంది. "భుజం, తుంటి, మోకాలు ఒకేసారి కదిలేటట్లు ఒత్తిగిలాలి, లేచేటప్పుడు కాళ్లు మంచం దించుతూ చేత్తో ఆనుకొని లేవాలి" అంటే సరిపోతుంది.

6. ఎప్పటి వరకు?

కాగితాల్లో అన్నింటికంటే పెద్ద లోపం ఇదే. చేయకూడనివి ఉంటాయి, ఎప్పటి వరకో ఉండదు. నడక తొలిరోజు నుంచే మందు. రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా నడుస్తూ పెంచుకోవాలి. "విశ్రాంతి" అని రాస్తే మన ఇళ్లలో మంచాన పడుకోబెడతారు. దానివల్ల కండరాలు కరుగుతాయి, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. కుర్చీలో చేసే ఉద్యోగానికి చాలామంది నాలుగు నుంచి ఆరు వారాల్లో వెళ్లగలరు. ఎక్స్‌రేలో ఎముక పెరుగుదల కనిపించిన కొద్దీ, సుమారు మూడు నెలల తరువాత, వ్యాయామంతో నిషేధాలను ఒక్కొక్కటిగా సడలిస్తారు. మట్టిపని, బస్తాలు మోసే పని అయితే ఆరు నెలలో అంతకు మించో. ఈ గడువుల మీద వైద్యులందరిదీ ఒకే మాట కాదు. నిషేధాలకున్న పరిశోధనాధారం కూడా అంత బలమైనది కాదు. అందుచేత ఒకరి కాగితం మరొకరికి పనికిరాదు.

గడువు తెలియనివారు రెండు విధాలుగా నష్టపోతారు. కొందరు నొప్పి తగ్గగానే అంటు పట్టిందనుకుంటారు. నొప్పి తగ్గడానికీ ఎముక కలవడానికీ ఒకే కాలపట్టిక లేదు. మరికొందరు "రాడ్లు వేశారు, ఇక ఈ జన్మకు వంగకూడదు" అని పనికి దూరమైపోతారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత పెద్ద శస్త్రచికిత్సలు కూలి కుటుంబాలకూ అందుతున్నాయి. కూలికి వెళ్లే మనిషి విషయంలో ఈ రెండో పొరపాటు ఇంటి ఆదాయాన్నే ఆపేస్తుంది.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లవలసిన లక్షణాలను మాత్రం కాగితం పైభాగంలోనే పెద్ద అక్షరాలతో రాయాలి: జ్వరం, గాయం నుంచి చీము లేదా నీరు, కాలు కొత్తగా పట్టు తప్పడం, మూత్రం ఆగకపోవడం లేదా రాకపోవడం, మర్మస్థానం దగ్గర స్పర్శ తెలియకపోవడం, పిక్క వాపు, ఆయాసం.

మా పెద్దమ్మకు స్క్రూలు కదల్లేదని ఎక్స్‌రేలో తేలింది. వైద్యుడు నిషేధాన్ని మరో ఆరు వారాలు పొడిగించి, ఈసారి "దించరాదు" అని కూడా చేత్తో రాసి ఇచ్చారు. ఇప్పుడు క్యాను నడుమెత్తు బల్ల మీద ఉంటుంది, దానికి కుళాయి బిగించారు. పెద్దమ్మ కుళాయి తిప్పుకొని నీళ్లు పట్టుకుంటున్నది. క్యానును బల్ల మీదికి ఎత్తేది పదో తరగతి చదువుతున్న మనుమరాలు.