తెలియకపోవడం వేరు, మరచిపోవడం వేరు

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల నుంచి విదేశాలకు పోయేవాళ్ల బండ్లు బెంగళూరు దారి పడతాయి. మదనపల్లె వాళ్లు చీకలబైలు దాటి, చింతామణి మీదుగా దేవనహళ్లి చేరతారు. పుంగనూరు, కుప్పం వాళ్ల దారులు వేరైనా చేరేది అక్కడికే. 2008లో అక్కడ మొదలైన విమానాశ్రయమే ఈ మూడు ఊళ్లకూ పెద్ద వాకిలి. కువైట్‌లో ఇంటి పనికి పోయే ఆడబిడ్డయినా, అమెరికాలో చదువుకు పోయే కుర్రాడయినా ఆ రాత్రి ఎక్కేది సొంత కారో, ఊళ్లో బాడుగకు తిరిగే బండో. ఆ బండి ఒక్కరి చేతిలో ఉండదు, ఒక్క పనికే తిరగదు. నిన్న టమోటా మండీకి పోయి ఉంటుంది, మొన్న పెండ్లివారిని దించి ఉంటుంది, అంతకు ముందు అడవి అంచున ఉన్న చేనికి నలుగురు కాపలాదారులను చేర్చి ఉంటుంది. డిక్కీలో స్టెప్నీ పక్కన ఒక పాత గోనెసంచి నెలల తరబడి పడి ఉన్నా ఎవరూ విప్పి చూడరు. విమానాశ్రయం దారిలో భద్రతా సిబ్బంది బండి ఆపి, చక్రాలున్న అద్దాన్ని అడుగుకు తోసి, టార్చి వేసి డిక్కీ తెరవమన్నప్పుడే ఆ సంచిలో ఏముందన్న ప్రశ్న మొదటిసారి పుడుతుంది. అందులో తుపాకీ గానీ, తూటా గానీ ఉంటే అది ఎవరిది? బండి యజమానిదా, డ్రైవరుదా, వెనక సీట్లో పాస్‌పోర్టు పట్టుకుని కూర్చున్న మనిషిదా? దీనికి చట్టం చెప్పే జవాబు ఒకటుంది. అయితే నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఆ ఆయుధాన్ని ఆపాల్సిన చోటు విమానాశ్రయం గేటు కాదు, మన ఇల్లు.

ఈ మాటకు బలమైన రుజువు తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అట్లాంటాలో కనిపిస్తుంది. 2025 అక్టోబర్ 20న అక్కడి విమానాశ్రయం ముందు ఒకతను తన పికప్ ట్రక్కు నిలిపి టెర్మినల్‌లోకి నడిచాడు. ట్రక్కులో ఏఆర్-15 రైఫిలు, 27 తూటాలు ఉన్నాయి. విమానాశ్రయంలో కాల్పులు జరపబోతున్నానని అతను ముందే చెప్పుకున్నాడు. ప్రపంచంలోనే అత్యంత రద్దీగా ఉండే విమానాశ్రయాల్లో అదొకటి. అక్కడ కెమెరాలకు, యంత్రాలకు, సాయుధులైన పోలీసులకు కొదవ లేదు. అయినా అతన్ని పట్టించింది అవి కావు. అతని ఇంటివాళ్లు భయపడి తమ ఊరి పోలీసులకు ఫోన్ చేశారు. ఆ పోలీసులు విమానాశ్రయానికి కబురు చేశారు. తుపాకీ ఇంకా ట్రక్కులోనే ఉండగా మనిషిని టెర్మినల్‌లో అదుపులోకి తీసుకున్నారు. ఇంట్లో ఒకరు నోరు విప్పకపోయి ఉంటే ఆ ఉదయం ఎలా ముగిసేదో తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

అలాంటి దురుద్దేశం ఉన్నవాళ్లు ఎక్కడైనా కొద్దిమందే. విమానాశ్రయాల్లో పట్టుబడేవాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: మరచిపోయాను. అమెరికాలో 2024లో ప్రయాణికులను తనిఖీ చేసే చోట్ల దొరికిన తుపాకులు 6,678. వాటిలో నూటికి 94 తూటాలు నింపినవే. అంటే రోజుకు సగటున 17 మంది నిండు తుపాకీని సంచిలో పెట్టుకుని విమానం ఎక్కడానికి వచ్చారు. మన దగ్గర తుపాకీ కన్నా తూటా ఎక్కువగా బయటపడుతుంది. సంచి ఎక్స్‌రే యంత్రంలోంచి పోతుంటే బట్టలు, తిండి సామాను నారింజ రంగులో, లోహం నీలం రంగులో తెర మీద కనిపిస్తాయి. ఆ నారింజ రంగు మధ్య చిటికెన వేలంత ముదురు నీలపు ముక్క కనిపిస్తే సిబ్బంది బెల్టు ఆపేస్తారు. 2021 ఆగస్టులో శంషాబాద్‌లో రాయలసీమకు చెందిన ఒక రాజకీయ కుటుంబ యువకుడి సామానులో ఇలాగే తూటా దొరికి, కేసు దాకా పోయింది. మరచిపోవడం అబద్ధమని నేను అనడం లేదు. చాలాసార్లు అది నిజమే అయి ఉంటుంది. అయితే మనిషి దేన్ని మరచిపోతాడు? రోజూ కంటి ముందు ఉండి, అలవాటైపోయిన దాన్ని. బంగారు గొలుసు డిక్కీలో పడేసి ఎవరూ మరచిపోరు. తూటాను మరచిపోయామంటే ఆ ఇంట్లో దానికి విలువా లేదు, దానంటే భయమూ లేదన్నమాట. మేకులు, బోల్టుల డబ్బాలో అదీ ఒకటైపోయింది.

ఇక చట్టం సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం లైసెన్సు లేకుండా తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని నేరం చేసింది. దగ్గర ఉంచుకోవడం అంటే చేతిలో పట్టుకోవడమే కానక్కర్లేదని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆయుధం ఉన్నట్టు ఆ మనిషికి ఎరుక ఉండాలి, అది తన ఒంటి మీద లేకపోయినా దాని మీద అదుపు ఉండాలి. ఈ రెండూ ఉంటేనే నేరం. దీన్నే 1994లో సంజయ్ దత్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మరింత గట్టిగా చెప్పింది. ఎరుక లేని స్వాధీనం స్వాధీనమే కాదని దాని సారాంశం. ఆ హిందీ నటుడిని 1993 ఏప్రిల్‌లో మారిషస్ నుంచి వచ్చి బొంబాయి విమానాశ్రయంలో దిగగానే అరెస్టు చేశారు. కేసుకు కారణమైన ఆయుధాలు ఆయన ఇంటికి చేరింది ఒక మారుతి వ్యానులో. ఎరుక ఉండాలన్న సూత్రాన్ని ఆయన కేసే స్థిరపరిచింది గానీ, ఆ సూత్రం ఆయన్ను కాపాడలేదు. ఎందుకంటే ఏం తెచ్చుకున్నాడో ఆయనకు తెలుసు. 2013లో సుప్రీంకోర్టు అయిదేళ్ల శిక్ష ఖాయం చేసింది. తెలియనివాడిని వదిలేసి, తెలిసినవాడిని పట్టుకునే ఈ గీత న్యాయమైనదేనని నా నమ్మకం. చిక్కంతా ఆ గీత మీద నిలబడిన మూడో మనిషితోనే వస్తుంది. ఒకప్పుడు తెలిసి, ఇప్పుడు మరచినవాడు ఏ వైపు చేరతాడు? ఢిల్లీ హైకోర్టు ఒంటరి తూటా దొరికిన కేసులను చాలాసార్లు కొట్టివేసింది, ఎరుక లేదని నమ్మి. ఆ దయను నేను తప్పుపట్టను. అయితే దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవడం పొరపాటు. కేసు కొట్టివేసే రోజు అరెస్టు చేసిన రోజుకు చాలా దూరంలో ఉంటుంది. 2019 సవరణ తరువాత లైసెన్సు లేని మామూలు తుపాకీకి కూడా శిక్ష కనీసం రెండేళ్లు, గరిష్ఠం అయిదేళ్లు. స్టేషన్‌లోనే బెయిలు ఇచ్చి పంపే నేరం కాదది, కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. కువైట్ వీసా మీద తేదీ ఉన్న మనిషికి ఆ విమానం తప్పితే, తరువాత నిర్దోషి అని కాగితం వచ్చినా పోయిన కొలువు తిరిగి రాదు.

ఇక్కడ బాడుగ డ్రైవరు తరఫున ఒక ప్రశ్న వేయాలి. ఎవరో పెట్టిన సంచికి అతన్ని ఎందుకు పట్టుకోవాలి? పట్టుకోవడం అన్యాయమే, అతనికి నిజంగా తెలియకపోతే. చట్టంలో దీనికి కొంత రక్షణ ఉంది. లైసెన్సు లేని ఆయుధం కేసులో విచారణ మొదలుపెట్టడానికి ముందు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తప్పనిసరి. బండిలో ఉన్నారన్న ఒక్క కారణంతో అందరినీ నిందితులను చేయకుండా ఆ అనుమతి ఇచ్చే అధికారి ఎరుక, అదుపు రెండూ చూడాలి. చూస్తున్నారా అని అడిగే హక్కు మనకుంది. కానీ ఆ రక్షణ అరెస్టు తరువాతి మాట. అర్ధరాత్రి గేటు దగ్గర ముగ్గురు మనుషులు, ఒక తుపాకీ, ‘నాది కాదు’ అని మూడు గొంతులు వినిపిస్తే పోలీసులు ముగ్గురినీ తీసుకుపోతారు. అక్కడ నిజం తేల్చే యంత్రం ఏదీ లేదు. అందుకే బండి తాళం ఎవరి చేతికి ఇస్తున్నామో, డిక్కీలో ఏం మిగిలిందో చూసుకోవడం డ్రైవరుకు బతుకు సమస్య.

అడవి పక్క రైతు వేసే ప్రశ్న ఇంకా బరువైనది. కుప్పం, పలమనేరు వైపు ఏనుగులు 1980లలో వచ్చి చేరాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. మదనపల్లె, పుంగనూరు మెట్ట చేలలో అడవిపందులు చెనిక్కాయ పంటను ఒక్క రాత్రిలో దున్నిపారేస్తాయి. అప్పు చేసి వేసిన పంట అది. మంచె మీద టార్చి, పళ్లెం మోత చాలడం లేదని రైతు అంటే కాదనే మొహం ఎవరికీ ఉండదు. అందుకే ఇనుప గొట్టానికి కట్టె మడమ బిగించిన నాటు తుపాకీ ఈ ప్రాంతంలో పార, కొడవలిలాంటి పనిముట్టు అయిపోయింది. అది లేకుండా పంట ఎలా కాపాడుకోవాలని రైతు అడిగితే, నా జవాబు ఇది. చట్టం ఆ తలుపు మూయలేదు. ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ కోసం గొట్టంలో మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని పేరుపెట్టి మరీ రాసి ఉంది. ఈ సంగతి రైతుకు చెప్పేవాళ్లు లేరు. చెప్పినా, ఆ కాగితం చేతికి రావడం ఎంత కష్టమో నాకు తెలియనిది కాదు. తహసీల్దారు కార్యాలయాలు, పోలీసు స్టేషన్లు ఈ దరఖాస్తును నేరస్థుడి అర్జీలా చూడకుండా రైతు అర్జీలా చూస్తే నాటు తుపాకుల్లో చాలా భాగం చీకట్లోంచి వెలుగులోకి వస్తాయి. లైసెన్సు వచ్చినంత మాత్రాన జంతువును కాల్చే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవిపందిని చంపినా నేరమే. కానీ లెక్కలో ఉన్న తుపాకీకి ఒక పేరుంటుంది, ఒక చోటుంటుంది. లెక్కలో లేనిది దాక్కుంటుంది. చుట్టాలింట్లో గడ్డివామి కింద కొన్నాళ్లు, పశువుల కొట్టంలో కొన్నాళ్లు, ఎవరో వస్తున్నారని తెలిసిన రాత్రి బండి డిక్కీలో కొన్నాళ్లు. దాచడమే దాన్ని బండెక్కిస్తుంది.

నాటు తుపాకీ పట్టుకుని విమానాశ్రయానికి ఎవరు పోతారండీ, ఇది లేని భయం కాదా అని కొందరు అనవచ్చు. కావాలని ఎవరూ పోరు. ఒకే బండి చేనికీ విమానాశ్రయానికీ తిరుగుతుందన్నది మాత్రం ఇక్కడి రోజువారీ నిజం. బండి బయట నిలబడితే విమానానికి ఏం ప్రమాదం అన్నది ఇంకో ప్రశ్న. ప్రమాదం విమానంలోనే ఉంటుందన్న నమ్మకం పాతబడిపోయింది. 2007 జూన్ 30న గ్లాస్గో విమానాశ్రయంలో ఒక జీపు టెర్మినల్ తలుపులను ఢీకొట్టి మంటల్లో మండింది. దాన్ని నడిపినవాడు బెంగళూరు వాడు. 2017 జనవరిలో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఒక ప్రయాణికుడు పద్ధతి ప్రకారం చెప్పి, సామానులో పంపిన తుపాకీని దిగిన తరువాత తీసుకుని, అక్కడే అయిదుగురిని కాల్చి చంపాడు. 2018 అక్టోబర్‌లో విశాఖ విమానాశ్రయం ప్రముఖుల గదిలో అప్పటి ప్రతిపక్ష నేత జగన్‌మోహన్ రెడ్డి మీద దాడి జరిగింది కోడిపందెం కత్తితో. సంక్రాంతికి మన కళ్లకు మామూలుగా కనిపించే వస్తువే అది. జనం గుమిగూడే చోటు ఎక్కడైనా బలహీనమైన చోటే, అది గోడకు లోపలున్నా, వెలుపల ఉన్నా. అందుకే బండి దగ్గరే ఆపి చూడడాన్ని వేధింపు అనుకోకూడదు.

లైసెన్సు ఉన్నవాళ్లు కూడా ఒక మాట వినాలి. లైసెన్సు పుస్తకంలో అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లే లైసెన్సుతో చీకలబైలు చెక్‌పోస్టు దాటితే ఆ తుపాకీ కర్ణాటకలో లైసెన్సు లేని తుపాకీతో సమానం. విమానాశ్రయం పక్క రాష్ట్రంలో ఉన్న మనకు ఇది చిన్న విషయం కాదు. లైసెన్సు పక్కాగా ఉన్నా ఆయుధాన్ని ముందే చెప్పి, తూటాలు తీసి, విమానం అడుగున పోయే సామానులోనే పంపాలి. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ లైసెన్సుదారులను పిలిపించి తుపాకులు స్టేషన్‌లో పెట్టించుకుంటారు. ఆ వరుసలో నాటు తుపాకీ ఎప్పుడూ నిలబడదు. తాతగారు పోయారు, ఆయన పాత తుపాకీ అటక మీద అలాగే ఉండిపోయింది, లైసెన్సు గడువు తీరిపోయింది అనే ఇళ్లు కూడా ఉంటాయి. గడువు తీరిన రోజు నుంచి అది వారసుడి మెడకు చుట్టుకున్నట్టే. అలాంటి దాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరో అప్పగించాలని చట్టంలోని 21వ సెక్షన్ చెబుతుంది. అప్పగించి రసీదు తీసుకుంటే ఆ కథ అక్కడితో తీరిపోతుంది.

ఈ నెలలో మీ ఇంటి నుంచి ఎవరైనా బెంగళూరు విమానానికి బయలుదేరుతున్నారా? ముందు రోజు పొద్దు ఉండగానే బండి డిక్కీ ఖాళీ చేయండి. స్టెప్నీ పైకెత్తి చూడండి, సీట్ల కింద చేయి పెట్టి చూడండి, పాత గోనెసంచి ఉంటే విప్పి దులపండి. బాడుగ బండి అయితే డ్రైవరును అడిగి, అతని ఎదుటే చూడండి.